పడవెక్కి వెళ్ళిన మాటల పుట్టిల్లు

ఆదివారం, తైపే

తైవాన్ వెళ్తున్నానంటే అందరూ చిప్‌ల ఫ్యాక్టరీల గురించే అడిగారు. మా అక్క కొడుకు ఉద్యోగం చేసేది షిన్‌చులో, ఆ ఫ్యాక్టరీల మధ్యనే. నాకు కావలసిన తైవాన్ మాత్రం వేరే. అటు మడగాస్కర్ నుంచి ఇటు ఈస్టర్ ద్వీపం దాకా, పైన హవాయి నుంచి కింద న్యూజిలాండ్ దాకా పన్నెండు వందల పైచిలుకు భాషలు ఒకే కుటుంబానివి. ఆస్ట్రోనేషియన్ అంటారు. మలయ్, జావనీస్, తగలోగ్, మలగాసీ, సమోవన్, మావోరీ అన్నీ అందులోవే. యూరప్ ఓడలు లోకం చుట్టడం మొదలుపెట్టక ముందు ఇంత దూరం పాకిన భాషా కుటుంబం ఇంకోటి లేదు. రాబర్ట్ బ్లస్ట్ అనే భాషావేత్త 1999లో ఈ కుటుంబాన్ని పది కొమ్మలుగా విడదీసి చూపించాడు. అందులో తొమ్మిది కొమ్మలు తైవాన్ దాటి ఎక్కడా కనపడవు. పదోది ఒక్కటే పడవెక్కింది. నేను చెప్పిన పేర్లన్నీ ఆ పదోదాని సంతానమే. కొమ్మలు పదా, తక్కువా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ, పుట్టిల్లు తైవానే అన్నదాని మీద పెద్ద పేచీ లేదు.

ఆ పుట్టింట్లో ఇప్పుడు ఎక్కడ విన్నా చైనీస్. మూలవాసులు జనాభాలో నూటికి ముగ్గురు కూడా లేరు.

పొద్దున మేనల్లుడితో కలిసి షీలిన్‌లో మూలవాసుల వస్తువులున్న షుంగ్ యే మ్యూజియం చూశాను. ఎదురుగా నేషనల్ ప్యాలెస్ మ్యూజియం దగ్గర బస్సులు బస్సులుగా జనం. ఇక్కడ మేమూ, ఒక బడి పిల్లల గుంపూ. పైవాన్‌ల చెక్క శిల్పాలు, అతయల్‌ల నేత, పుయుమాల వెదురు. ఈ మ్యూజియం తెరిచింది 1994లో. రాజ్యాంగంలో "కొండ సోదరులు" అన్న మాట తీసేసి "మూలవాసులు" అని రాసిందీ ఆ ఏడే. ఇవాళ ప్రభుత్వం గుర్తించినవి పదహారు జాతులు.

మధ్యాహ్నం మావాడు జోంగ్‌షాన్ నార్త్ రోడ్డుకి తీసుకెళ్ళాడు. ఆదివారం అక్కడ సెయింట్ క్రిస్టఫర్ చర్చి చుట్టుపక్కల అంతా ఫిలిప్పీన్స్. అరటికాయ వేపుళ్ళు, సిమ్ కార్డులు, ఇంటికి డబ్బు పంపే కౌంటర్లు. తైపే మెయిన్ స్టేషన్ హాల్లో అయితే నలుపు తెలుపు గళ్ళ నేల మీద గుండ్రంగా కూచుని ఇండోనేషియా ఆడపిల్లలు టిఫిన్లు పంచుకుంటున్నారు. తైవాన్‌లో ముసలివాళ్ళకి సేవ చేసేదీ, చేపల పడవల మీద వలలు లాగేదీ ఎక్కువగా వీళ్ళే. వలస కార్మికులందర్నీ కలిపితే ఎనిమిది లక్షల పైమాట.

ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవి నుంచి వచ్చిన ఒకావిడ, ఒక తైపే ముసలాయన్ని చూసుకుంటుందట, మాకు అరటికాయ వేపుడు అమ్మే బండి దగ్గర పరిచయమైంది. ఒకటి నుంచి పది దాకా మీ భాషలో చెప్పమ్మా అంటే నవ్వింది. ఇసా, దలవా, తత్లో, ఆపత్, లిమా, ఆనిమ్, పితో, వాలో, సియామ్, సంపూ. మావాడు ఫోన్‌లో రికార్డు చేశాడు. "మీ భాష పుట్టింది ఈ దేశంలోనే తెలుసా" అని అడిగాడు ఇంగ్లీషులో. ఆవిడ ఒక్క క్షణం చూసి, "అయితే వీసా ఎందుకు అడుగుతున్నారు మరి?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. భాషావేత్తల దగ్గరా ఉండదు.

సోమవారం, రైలు

మ్యూజియాలకి సెలవు. తూర్పు తీరం రైలు. హువాలియెన్ దాకా ఎడమ పక్కన పసిఫిక్ సముద్రం కనపడుతూ పోతుంది. తరవాత రెండు కొండల వరసల మధ్య లోయలోకి దిగుతుంది. ఆ లోయలో ఫెంగ్‌తియెన్ అని చిన్న స్టేషను. ఈ స్టేషను వెనకాల కొండలోనే పచ్చరాయి దొరుకుతుంది, దాని కథ రేపు. మావాడు హువాలియెన్ నుంచి తైతుంగ్ దాకా నిద్రపోయాడు.

మంగళవారం, తైతుంగ్

1980లో తైతుంగ్‌లో కొత్త రైల్వే స్టేషను కడుతూ నేల తవ్వితే పలకరాతి శవపేటికలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు. నేషనల్ తైవాన్ యూనివర్సిటీ నుంచి సోంగ్ వెన్‌షున్, లియెన్ జావ్‌మెయ్ వచ్చి ఏళ్ళ తరబడి తవ్వారు. లెక్క పదిహేను వందలు దాటింది. మూడు వేల ఏళ్ళ నాటి ఊరు అది. బెయినాన్ అంటారు. ఇవాళ స్టేషను వెనకాలే పార్కు. ఇంకా తవ్వని భాగం గడ్డి కింద అలాగే ఉంది. మధ్యలో నిలువెత్తు రాతి స్తంభం ఒకటి, పైన నెలవంకలా తొలిచి ఉంటుంది. జపాన్ మానవశాస్త్రవేత్త తోరీ ర్యూజో 1896లో దీన్ని ఫొటో తీశాడు. అప్పటికి ఇలాంటివి ఇక్కడ చాలా ఉండేవి.

దొరికిన వస్తువులు కొన్ని కిలోమీటర్ల దూరంలో నేషనల్ మ్యూజియం ఆఫ్ ప్రీహిస్టరీలో పెట్టారు. ఒక చిన్న పచ్చరాతి చెవిపోగు ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. నడుం మీద చేతులు పెట్టుకున్న ఇద్దరు మనుషులు పక్కపక్కన, వాళ్ళ తలల మీద ఒక జంతువు. లోహం లేని కాలంలో రాయితో రాయిని కోసి చేశారు దాన్ని.

నిన్నటి ఫెంగ్‌తియెన్ రాయి ఇదే. దీని కథ తైవాన్‌లో ఆగలేదు. ఫిలిప్పీన్స్‌లో, వియత్నాంలో, బోర్నియోలో, థాయ్‌లాండ్‌లో పాత సమాధుల్లో దొరికిన పచ్చరాతి పోగుల్ని పరీక్షిస్తే, చాలావాటి రాయి ఫెంగ్‌తియెన్‌దేనని 2007లో తేలింది. వలసపోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోలేదన్నమాట. వేల ఏళ్ళ పాటు రాయి వెళ్తూనే ఉంది, రాతిని చెక్కే పనివాళ్ళూ వెళ్తూనే ఉన్నారు. వలస అనగానే మనం ఒకటే పెద్ద ప్రయాణం ఊహించుకుంటాం. ఇది వస్తూ పోతూ ఉండే దారి.

ఒక గదిలో గోడంతా పటం. నాలుగు వేల ఏళ్ళ కిందట తైవాన్ నుంచి లుజాన్ వైపు, మూడు వేల ఏళ్ళ కిందట న్యూగినీ పక్క దీవులకి, అక్కణ్ణించి టోంగా, సమోవా. తరవాత ఎందుకో చాలాకాలం ఆగారు. వెయ్యేళ్ళ కిందట మళ్ళీ బయలుదేరి హవాయి, ఈస్టర్ ద్వీపం, చివరికి న్యూజిలాండ్. బాణాలు గీసిన పటం చూస్తే ఒకే జనం నడిచినట్టు ఉంటుంది. అది నమ్మకూడదు. భాష ఒకటైతే రక్తం ఒకటని కాదు. లుజాన్ అడవుల్లో అయితాలు ఈ వలసకి ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచీ అక్కడున్నవాళ్ళు, ఇవాళ మాట్లాడేది మాత్రం ఆస్ట్రోనేషియన్ భాషే. మడగాస్కర్‌లో బోర్నియో భాష ఆఫ్రికా నేల మీద, సగం ఆఫ్రికా సంతానం నోట బతుకుతోంది.

బుధవారం, దూలాన్

తైతుంగ్ నుంచి తీరం రోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే అమిస్‌ల ఊరు దూలాన్. మూలవాసుల్లో అందరికన్నా ఎక్కువమంది అమిస్‌లే, రెండు లక్షలు దాటారు. ఇల్లూ ఆస్తీ తల్లి నుంచి కూతురికి వెళ్ళే సంప్రదాయం వాళ్ళది. ఇక్కడి పాత చక్కెర ఫ్యాక్టరీలో ఇప్పుడు చెక్క శిల్పాలవాళ్ళు, గిటార్లవాళ్ళు చేరారు. సర్ఫింగ్ కుర్రాళ్ళ కోసం కాఫీ కొట్లు. ఆ హడావిడి నాకు నచ్చలేదు. ఊరి వెనక దూలాన్ కొండ నచ్చింది.

ఒక ఇంటి వసారాలో ఒకావిడ చెట్టు బెరడు కొడుతోంది. బెరడు లోపలి పొర తీసి, నానబెట్టి, గాడులున్న సుత్తితో దుంగ మీద కొడుతూ పోతే అది వెడల్పై బట్టవుతుంది. ఈ పని తెలిసినవాళ్ళు ఒక తరం కిందట దాదాపు లేకుండా పోయి, మళ్ళీ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారట. చెట్టు పేరు పేపర్ మల్బరీ. సమోవా, టోంగా, ఫిజీ దీవుల్లో పెళ్ళికీ చావుకీ తప్పనిసరైన టాపా బట్ట ఈ చెట్టు నుంచే. పసిఫిక్ దీవుల్లో ఇది తనంతట తాను మొలవదు, కొమ్మ తెచ్చి నాటాలి. అక్కడివి దాదాపు అన్నీ ఆడ చెట్లే, గింజ పడే దారి లేదు. తైవాన్, చిలీ శాస్త్రవేత్తలు ఈ చెట్ల జన్యువులు పోల్చి, పసిఫిక్ చెట్ల మూలం దక్షిణ తైవాన్ అని 2015లో ప్రకటించారు. అంటే ఎవరో ఒక ఆడమనిషి ఇలాంటి వసారా పక్కన కొమ్మ విరిచి పడవలో పెట్టింది. దాని పిలకలు చేతులు మారుతూ టోంగా దాకా వెళ్ళాయి. ఆడమనిషే అని నేను అనుకుంటున్నాను. మగవాళ్ళకి చెట్లు గుర్తుండవు.

మావాడు ఆవిడతో చైనీస్‌లో మాట్లాడుతుంటే ఆవిడ పక్కనున్న ముసలావిడతో అమిస్‌లో మాట్లాడుతోంది. ఆ ముసలావిడ సంచీలోంచి వక్కలు తీసి మా ఇద్దరికీ ఇచ్చింది. మన ఎండు వక్క కాదు, పచ్చికాయ. తొక్కతో సహా, సున్నం రాసిన తమలపాకు చుట్టి నోట్లో వేసుకోవాలి. చెవులు వేడెక్కి చెమట పట్టింది. వక్కా, తమలపాకూ రెండూ ఆగ్నేయాసియా దీవుల వైపు నుంచి మన తీరానికి చేరినవే. వక్క లేకుండా అమిస్‌లకి పూజారిణి చేసే పూజ జరగదు, మనకి నిశ్చితార్థం జరగదు. ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మ ఒప్పుకోదు, తాంబూలం మనదే అంటుంది.

గురువారం, సముద్రం

ఫూగాంగ్ రేవు నుంచి లాన్‌యూ దీవికి పడవలో రెండు గంటల పైనే. టికెట్‌తోపాటు ప్లాస్టిక్ సంచి కూడా ఇస్తారు. ఎందుకో అరగంటలో తెలిసింది. మేనల్లుడి పరిస్థితి నాకన్నా అధ్వానం. "మామయ్యా, వాళ్ళు నిజంగా చిన్న పడవల్లోనే వెళ్ళారా?" అని మధ్యలో ఒకసారి అడిగి మళ్ళీ సంచిలో తల పెట్టాడు.

శుక్రవారం, లాన్‌యూ

ఈ దీవిని ఇక్కడివాళ్ళు పొన్సో నొ తావ్ అంటారు, మనుషుల దీవి అని. ఆరు ఊళ్ళు, ఐదు వేల జనాభా, చుట్టూ ఒకటే రోడ్డు. రోడ్డు మీద మేకలు. తైవాన్ ప్రభుత్వం కింద ఉన్నా, తావ్‌ల భాష తైవాన్‌లోని తొమ్మిది కొమ్మల్లో దేనికీ చెందదు. పడవెక్కిన పదో కొమ్మకి చెందుతుంది. దానికి అతి దగ్గర చుట్టం దక్షిణాన ఫిలిప్పీన్స్‌లోని బటానెస్ దీవుల భాష.

మేం దిగిన ఇంటాయనకి నలభై దాటి ఉంటాయి. పేరు అడిగితే కూతురి పేరు ముందు "స్యామన్" చేర్చి చెప్పాడు, ఫలానా పిల్ల నాన్న అని. తావ్‌లకి పెళ్ళికి ముందు ఒక పేరుంటుంది. మొదటి బిడ్డ పుట్టగానే ఆ పేరు పోతుంది, తండ్రి స్యామన్, తల్లి సినన్ అవుతారు. మనవడు పుడితే పేరు మళ్ళీ మారి స్యాపెన్. మన పల్లెల్లోనూ "బుజ్జి వాళ్ళ నాన్న", "చిన్ని వాళ్ళమ్మ" అనే పిలుస్తారు కదా, మావాడికి నవ్వొచ్చింది. తేడా ఏమిటంటే మనకి రేషను కార్డులో పాత పేరు మిగిలే ఉంటుంది. తావ్‌లకి ఎన్నో ఏళ్ళు గుర్తింపు కార్డులో ఉన్నది మాత్రం ప్రభుత్వం పెట్టిన చైనీస్ పేరు. తమ పేర్లు నమోదు చేసుకునే వీలు 1995లో గాని రాలేదు.

ఇప్పుడు రయోన్, ఎగిరే చేపల కాలం. ప్రతి ఇంటి ముందూ వెదురు గడల మీద చీల్చి ఉప్పు పెట్టిన చేపలు ఆరుతున్నాయి. ఇంటాయన తండ్రి చెప్పిన కథ ఇది. పూర్వం ఎగిరే చేపల్ని గుల్లలతో, పీతలతో కలిపి ఒకే కుండలో వండేవారట. చేపలకీ జబ్బు చేసింది, మనుషులకీ జబ్బు చేసింది. అప్పుడు నల్ల రెక్కల చేప ఒక పెద్దాయన కలలోకి వచ్చి, మమ్మల్ని ఎప్పుడు పిలవాలి, ఎలా కొయ్యాలి, ఏ కుండలో వండాలి, ఏ రోజుతో తినడం ఆపాలి అన్నీ నేర్పింది. అందుకే ఈ చేపలకి వేరే కుండ, వేరే గిన్నె. పట్టే కాలం ముగిశాక పట్టరు. ఎండబెట్టినవి శరదృతువులో ఫలానా రోజు అని ఉంటుంది, అది దాటితే తినరు. కథ సంగతి ఎలా ఉన్నా, ఈ చేపల కాలం నడిచినన్నాళ్ళూ తీరం దగ్గర రాళ్ళ మధ్య చేపలకి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. తైవాన్ మర పడవలు వచ్చి ఇదే నీళ్ళలో వలలు వేసినప్పుడు గొడవలయ్యాయంటే ఆశ్చర్యం లేదు.

ఇరారలెయ్ ఊరి గులకరాళ్ళ ఒడ్డున తాతాలాలు, అంటే తావ్‌ల పడవలు, వరసగా ఉన్నాయి. ఎరుపు, తెలుపు, నలుపు. రెండు కొసలూ కొడవలిలా పైకి లేచి ఉంటాయి. దుంగ తొలిచిన పడవ కాదిది. ఒక్కో భాగానికి ఒక్కో రకం చెట్టు ఎంచుకుని, పలకలు చెక్కి, చెక్క మేకులతో బిగిస్తారు. చిన్నదానికి ఇరవై పైన పలకలు. పసిఫిక్ పడవలకి పక్కన ఆసరాగా కట్టే దుంగ దీనికి లేదు. ముక్కు దగ్గర గుండ్రంగా చక్రంలాంటి గుర్తు. దాన్ని పడవ కన్ను అంటారు, మాట "మతా". మలయ్‌లోనూ, తగలోగ్‌లోనూ కన్ను మతానే. ముట్టుకోకూడదు, అడగకుండా ఫొటో తియ్యకూడదు, ఆడవాళ్ళు ఎక్కకూడదు. చివరి నియమం మా ఇంటావిడకి చెప్పలేదు.

ఇవలీనోలో పాత ఇళ్ళు కొన్ని మిగిలాయి. నేలలో నిలువెత్తు గొయ్యి తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి, అందులో చెక్క ఇల్లు కడతారు. బయటి నుంచి కప్పు మాత్రమే కనపడుతుంది. తుఫాను గాలి పైనుంచి వెళ్ళిపోతుంది. 1960ల్లో ప్రభుత్వం వీటిని వెనకబాటుతనం అనుకుని పడగొట్టించి కాంక్రీటు ఇళ్ళు కట్టించింది. సముద్రపు ఇసుక కలిపిన కాంక్రీటు, కొన్నేళ్ళకే పెచ్చులూడింది. రాతి గోతిలో ఇల్లు మాత్రం నిలబడి ఉంది. ఇంటిని తావ్ భాషలో వహయ్ అంటారు. తగలోగ్‌లో బహయ్, సమోవాలో ఫలె, మావోరీలో ఫరె, హవాయిలో హలె. కట్టేది ఒక్కోచోట ఒక్కోలా, మాట మాత్రం ఒకటే.

దీవి దక్షిణ కొసన ఒక గోడ, లోపల కాంక్రీటు కందకాలు. 1982 నుంచి తైవాన్ అణు విద్యుత్ కేంద్రాల వ్యర్థాలు దాదాపు లక్ష పీపాలు ఇక్కడ ఉన్నాయి. కడుతున్నది చేపల డబ్బాల ఫ్యాక్టరీ అనుకున్నారు జనం. 1988లో రోడ్డెక్కారు, 1996లో పీపాలు తెచ్చిన ఓడని దిగనివ్వలేదు. 2016 ఆగస్టు 1న అధ్యక్షురాలు త్సాయ్ ఇంగ్‌వెన్ మూలవాసులందరికీ క్షమాపణ చెప్పినప్పుడు ఈ పీపాల ప్రస్తావన కూడా ఉంది. పీపాలు ఇక్కడే ఉన్నాయి. ఇంటాయన బండి ఆపలేదు, చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనం ఎగిరే చేప, చేమదుంప, చిలగడదుంప. చేమ మళ్ళు ఇక్కడ ఆడవాళ్ళవి, వరి మడిలాగే నీళ్ళు కట్టి పెంచుతారు. తిన్నాక మావాడు ఫోన్ తీసి ఆదివారం నాటి రికార్డు పెట్టాడు. ఇంటాయన తండ్రి, ఆ పెద్దాయన, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రెండోసారి పెట్టమన్నాడు. తరవాత ఆవిడతో పాటు తనూ లెక్కపెట్టాడు. అసా, దోవా, తిలో, అపత్, లిమా, అనెమ్, పితో, వావ్, సియామ్, పోవ్. నాలుగు, ఐదు దగ్గర ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి.

"ఏ ఊరి పిల్ల?" అన్నాడు.

లుజాన్ అని చెబితే తల అడ్డంగా ఊపాడు, అంత దూరం వాళ్ళు కాదట. వీళ్ళ పూర్వీకులు రాకపోకలు సాగించింది బటానెస్‌తో. పడవల్లో వెళ్ళి మేకలూ, బంగారమూ తెచ్చేవారని, ఒకసారి అక్కడ కొట్లాటై మనుషులు చచ్చిపోయారని, అప్పటి నుంచి దారి ఆగిపోయిందని పాటల్లో ఉంది. 1783లో బటానెస్ స్పెయిన్ చేతికి పోయింది, 1895లో ఈ దీవి జపాన్ చేతికి వచ్చింది, మధ్యలో నీళ్ళ మీద గీత పడింది. బటానెస్ ఉత్తర కొస ఇక్కణ్ణించి సుమారు వంద కిలోమీటర్లు, అంటే తైతుంగ్ ఉన్నంత దూరమే. ఇవాళ వెళ్ళాలంటే తైపే, మనీలా మీదుగా విమానాలు మారాలి. గత ముప్ఫై ఏళ్ళలో కొందరు తావ్‌లు అలాగే చుట్టి వెళ్ళొచ్చారు. ఇంటికీ చేపకీ పేర్లు ఒకటేనని, నెమ్మదిగా మాట్లాడితే సగం అర్థమవుతుందని చెప్పుకుంటారు.

మనవరాలు ఈ మాటలేవీ వినడంలేదు. పక్క గదిలో చైనీస్ కార్టూన్ చూస్తోంది. బడిలో తావ్ పాఠం వారానికి కొద్దిసేపే. 2017లో మూలవాసుల భాషలకి చట్టం వచ్చింది, రోడ్ల మీద బోర్డులు మారాయి. పెద్దాయన మాత్రం ఆమెను తావ్‌లోనే పిలుస్తాడు, ఆమె చైనీస్‌లో జవాబిస్తుంది.

శనివారం, తిరిగి తైతుంగ్

గాలి ముదురుతోందని పడవ పొద్దున్నే తీశారు. ఈసారి ఇద్దరం ఏమీ తినకుండా ఎక్కాం.

తైతుంగ్ మార్కెట్‌లో ఒక పుయుమా ఆవిడ కంకులు కట్టలు కట్టి అమ్ముతోంది. దగ్గరికెళ్ళి చూస్తే కొర్రలు. ఇక్కడ కొర్రలకి పూజలున్నాయి, విత్తడానికీ కొయ్యడానికీ ముహూర్తాలున్నాయి, బునున్ అనే మూలవాసులు పంట కోసం గొంతులు కలిపి పాడే ప్రార్థన ఉంది. దక్షిణ తైవాన్‌లో నాలుగు వేల ఏళ్ళు దాటిన మాడిన కొర్ర గింజలు తవ్వకాల్లో దొరికాయి. అంటే మొదటి పడవలు బయలుదేరక ముందే ఈ పంట ఇక్కడుంది. మా అనంతపురం కొర్రలు వేరే దారిన వచ్చినవి, ఆ చుట్టరికం నేను కలపను. అయినా చెయ్యి ఊరుకోదు కదా, కంకి నలిపి గింజ నోట్లో వేసుకున్నాను.

మా దగ్గరా పండుతాయని మావాడు చెప్పాడు. ఆవిడ ఉత్సాహంగా, "కల్లు ఎన్నాళ్ళు పులియబెడతారు?" అని అడిగింది.

కల్లు చెయ్యరు, అన్నం వండుతారు, ఈ మధ్య షుగర్ ఉన్నవాళ్ళు ఎక్కువ తింటున్నారు అని మావాడు వివరించాడు. ఆవిడ నన్నూ, వాణ్ణీ, చేతిలో కంకినీ మార్చి మార్చి చూసింది. బల్ల కింద నుంచి సీసా తీసి రెండు గ్లాసుల్లో పోసి, "ముందు ఇది తాగి, మీ వాళ్ళకి చెప్పు" అంది.